ఏ పిన్ని?

ఆ వానాకాలమంతా నా చంకలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉండేది. బస్సులో, ల్యాబులో, చివరికి బాత్రూం బయట స్టూలు మీద కూడా అదే. ఎక్కడ చుక్క నీరు కనిపించినా దాన్ని గుండెలకు హత్తుకునేదాన్ని. 'మా అమ్మకి నాకంటే ఆ ఫైలంటేనే ఇష్టం' అని మా పాప బడిలో చెప్పొచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు, ఆ నెలల్లో పాప జడ కూడా నేను సరిగ్గా వేసి ఎరగను.

నేను కట్టుడు పళ్లు చేస్తాను. డాక్టర్లు పంపే అచ్చులు చూసి పళ్లు కుదర్చడం, పక్క పంటితో రంగు కలిసిపోయేలా చెయ్యడం, పదమూడేళ్లుగా అదే పని. నా పని ఫొటోల్లో చూసి పరాయి దేశంలో ఒక ల్యాబు వాళ్లు ఉద్యోగమిస్తామన్నారు. కుటుంబాన్ని తెచ్చుకోవచ్చన్నారు. వానలు వెనకబట్టేలోగా వచ్చి చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా అన్నారు. కుటుంబమంటే నేను, మా ఆయన, పాప, పిన్ని. ఇందులో ఆలోచించడానికేముందనుకున్నాను.

మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, తమ్ముడు పాలు తాగే పిల్లాడు. అమ్మ చెల్లెలు చేతిసంచీతో రెండు వారాలకని వచ్చి ఉండిపోయింది. మా నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. తమ్ముడు ఓడలో వంటవాడు, ఏడాదికి ఒక నెల నేల మీద ఉంటే గొప్ప. పిన్ని ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. మేం వెళ్లిపోతే ఆమెకు మిగిలేది ఒక తాళం చెవి. పిన్ని లేకపోతే నేను వెళ్లనని అందరితో అనేశాను. అన్నానే గానీ, వెళ్లాలని నాకు ఎంత ఆశగా ఉండేదో నాకే తెలుసు. ల్యాబులో పళ్లకు మెరుగు పెడుతూ పెడుతూ మనసులోనే ఆ ఊళ్లో బస్సెక్కి దిగేదాన్ని.

కాగితాలన్నీ వాళ్ల భాషలోకి మార్పించాలి. మార్కెట్ వెనక మేడ మీద, కోర్టులో స్టెనోగా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఆ పని చేస్తాడు. ముక్కు చివర కళ్లజోడు, బల్ల మీద మూడు నిఘంటువులు. ఒక్కో మాటనూ బియ్యంలో రాయి ఏరినట్టు పట్టి చూస్తాడు. ఫారంలో నాలుగో పేరు దగ్గర ఆగి, ఈమె మీకేమవుతుందని అడిగాడు.

"పిన్ని" అన్నాను.

"ఏ పిన్ని?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. "అమ్మ చెల్లెలూ పిన్నే. బాబాయి భార్యా పిన్నే. నాన్న మళ్లీ పెళ్లి చేసుకుంటే వచ్చినావిడనీ పిన్ని అనే పిలుస్తాం. మనకు ముగ్గురికీ ఒకటే మాట. వాళ్లకు అలా కుదరదమ్మా. మీరేదో ఒకటి తేల్చి చెప్పాలి."

అమ్మ చెల్లెలని తడుముకోకుండా చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు. నిబంధనల పుస్తకం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. భర్త, పిల్లలు, కన్నవాళ్లు, లేదా తండ్రి గానీ తల్లి గానీ మారు పెళ్లి చేసుకున్నవాళ్లు. అంతే. అమ్మ చెల్లెళ్లకు అందులో చోటు లేదు. పెంచిన మనిషండీ, అన్నాను. పెంచినట్టు కాగితముందా అన్నాడు. తీసుకొస్తానని లేచి వచ్చేశాను.

ఆ రోజు నుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మా బడికి వెళ్లి పాత రిజిస్టర్లు తీయించాను. అందులో నాకూ తమ్ముడికీ సంరక్షకురాలి చోట 'పిన్ని' అని రాసి ఉంది, పక్కన ఆమె సంతకం. నాన్న చివరి రోజుల ఆసుపత్రి కాగితంలో ఆమె 'బంధువు'. ఓటర్ల జాబితాలో ఆమె పేరు ముందు ఆమె తండ్రి పేరు. రేషన్ కార్డులో మాత్రం మా నాన్న పేరు కింద 'భార్య' అని ఉంది. చూడగానే నాకు ఒళ్లు మండింది. ఒకే ఇంట్లో ఆడా మగా కనిపిస్తే చాలు, కార్డు రాసేవాడు అడిగే పని కూడా పెట్టుకోడనుకున్నాను. ఇలా మొత్తం నలభై కాగితాలు పోగేసి వీసా ఆఫీసుకు వివరంగా రాశాను. మూడు రోజులకు కుదరదని నాలుగు లైన్ల జవాబొచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అవే నాలుగు లైన్లు, కామాతో సహా.

ఇంట్లో ట్రంకు పెట్టెలు దింపాను. నాన్న రంగు డబ్బాల వెనక కూడా వెతికాను. దత్తత లాంటిదేమైనా ఎవరైనా రాసి పెట్టారేమోనని ఆశ. పిన్ని లాండ్రీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఏం వెతుకుతున్నావే అని అడిగేది. నీ కాగితాలే అని విసుక్కునేదాన్ని. ఆమె కాసేపు నిలబడి చూసేది, తర్వాత పాపను పిలుచుకుని లోపలికి వెళ్లిపోయేది. నాకు లేకపోయినా నష్టం లేదే, మీరు వెళ్లి రండి, అని రెండు మూడుసార్లు అంది. అంటూనే పాప పాత బొమ్మల పుస్తకంలో వాళ్ల భాష ముక్కలు నేర్చుకునేది. ఒకరోజు నీళ్లు కావాలి, తలుపు తెరవండి అని నాకు అప్పజెప్పి, సరిగ్గా ఉందా అని అడిగింది. సరిగ్గానే ఉంది. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

మా ఆయనది బస్సుల డిపోలో టైంకీపరు ఉద్యోగం. ఆలస్యమంటే ఆయనకు గిట్టదు. క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ, ఇంకా నలభై తొమ్మిది, ఇంకా నలభై ఆరు అని పొద్దున్నే వినిపించేవాడు. నలభై మూడు దగ్గర ఆగి ఒక ఉపాయం చెప్పాడు. రేషన్ కార్డులో భార్య అని ఉండనే ఉంది. అదే నిజమని ఒక ప్రమాణపత్రం రాయించి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టిస్తే సరిపోతుందట. రంగుల కొట్టాయనా, ఎదురింటి టైలరూ సరేనన్నారట కూడా.

నేను ఒంటికాలి మీద లేచాను. మా పిన్నికి అలాంటి పేరు అంటగడతారా అని నానా మాటలూ అన్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"అంటగట్టడమేంటి? పెళ్లాం అనడం తిట్టా? నిన్ను రోజూ అంటున్నానుగా."

రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. మూడో రోజు ఉద్యోగమిచ్చిన ల్యాబు నుంచి మీరు వస్తున్నట్టేనా అని ఉత్తరం వచ్చింది. నా పౌరుషం ఆ సాయంత్రానికే దిగిపోయింది. ప్రమాణపత్రం రాయించమన్నాను. అమ్మ పోయిన మరుసటి ఏడాది ఇంట్లోనే, పెద్దల ఎదుట పెళ్లయిందని రాశారు. తారీకు మా ఆయనే పెట్టాడు. ఆదివారం వచ్చేలా చూసి మరీ పెట్టాడు.

దాన్ని పిన్ని ముందు ఎలా పెట్టాలన్నదే నా బాధ. ఇంట్లో చెప్పే ధైర్యం లేక లాండ్రీకి వెళ్లాను. ఆవిరితో గది పొగలు కక్కుతోంది. ఆమె జోడీ పనామె ఆ రోజు రాలేదు. పిన్ని నన్ను చూడగానే ఎందుకొచ్చావని కూడా అడక్కుండా దుప్పటి రెండు కొసలు నా చేతికిచ్చింది. మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. చెరొక పక్కా లాగి పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. అలా నాలుగు దుప్పట్లు మడిచాం. ఎదురుగా వచ్చినప్పుడల్లా చెబుదామనుకోవడం, కొసలు అందించి వెనక్కి వెళ్లిపోవడం. ఐదో దుప్పటి దగ్గర ఇక నీళ్లు నమలలేక, నడుముకు దోపుకున్న కాగితం తీసి ఆమెకిచ్చాను.

తప్పనుకోకు పిన్నీ, వేరే దారి లేక రాయించాం, నువ్వు వద్దంటే చించేస్తాను, అని ఏకరువు పెడుతూనే ఉన్నాను. ఆమె చెయ్యి తుడుచుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"తారీకు తప్పు" అంది.

నాకర్థం కాలేదు. ఏ తారీకు పెట్టినా ఒకటేగా, ఎవరు చూడొచ్చారు అన్నాను.

"ఒకటే ఎందుకవుతుంది? అప్పటికి నువ్వు ఏడో తరగతిలోకి వచ్చావు. ఇంట్లో కాదు, రిజిస్ట్రారు ఆఫీసులో." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "దొంగది ఎందుకే, అసలుది ఉంటే."

అది ఇంట్లో లేదు. లాండ్రీలో ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో, ఆమె ఇనప పెట్టె అడుగున, హోటలు వాళ్ల పాత దిండు గలీబులో చుట్టి ఉంది. నేను రెండు నెలలు ఇల్లంతా తవ్విపోసి వెతికిన కాగితం అక్కడ ఇరవై మూడేళ్లుగా ఉంది. పెళ్లి ధ్రువపత్రం. మా నాన్న సంతకం చూడగానే పోల్చుకున్నాను. ఆయన పాలవాడి ఖాతా మీద కూడా బోర్డు మీద రాసినట్టే ఒంపులు తిప్పి పెట్టేవాడు. పక్కన పిన్ని సంతకం. కింద ముద్ర. ఆమె మిగతా దుప్పట్లు మడవడానికి వెళ్లిపోయింది.

సంతోషించాలి కదా. పిన్ని వస్తోంది, ఇక అడ్డేమీ లేదు. మా ఆయన ఎగిరి గంతేశాడు. అనువాదాల పెద్దాయన ఆ కాగితాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి, మూడో పిన్ని అన్నమాట, అని నిఘంటువు కూడా తెరవకుండా మాట రాసేశాడు. నాకు మాత్రం నాన్నా పిన్నీ ఒకే కప్పు కింద ఉండి నన్ను మోసం చేశారనిపించింది. మాకెందుకు చెప్పలేదని పిన్నిని ఎన్నిసార్లు అడిగానో. వంట చేస్తుంటే అడిగాను, పాపకు తల దువ్వుతుంటే అడిగాను. సందర్భం రాలేదే, అనేది. ఇరవై మూడేళ్లలో ఒక్క సందర్భం రాలేదా అంటే దువ్వెన పాప చేతికిచ్చి లేచిపోయేది. ఓడ నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే విషయం చెప్పాను. పోనీలే అక్కా, మంచిదేగా, అన్నాడు. వాడి మంచితనం చూసి నాకు ఇంకా కోపమొచ్చింది. పిన్నితో పొడిపొడిగా మాట్లాడటం మొదలుపెట్టాను.

గడువుకు ఆరు రోజులుందనగా వీసా ఆఫీసు నుంచి నాకూ పిన్నికీ పిలుపు వచ్చింది. తప్పు నాదే. రెండేళ్ల కిందట ఆమె పాస్‌పోర్టు ఫారం నేనే నింపాను, అడక్కుండానే 'అవివాహిత' అని రాశాను. ఆమె చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టింది. ఇప్పుడు పాస్‌పోర్టు ఒక మాట చెబుతోంది, ధ్రువపత్రం ఇంకో మాట చెబుతోంది. అందులో ఏది నిజమో వాళ్లకు తేల్చి చెప్పాలి. తేలకపోతే పిన్ని పేరు కొట్టేస్తారు.

అద్దం కిటికీ అవతల ఒక అధికారిణి, ఆమె పక్కన మన భాష తెలిసిన దుబాసీ అమ్మాయి. ఇవతల ఒకే కుర్చీ. దాంట్లో పిన్ని కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో పరీక్షకు కూర్చున్నట్టుంది. ధ్రువపత్రం రిజిస్ట్రారు దగ్గర సరిచూశామనీ, అది అసలుదేననీ ముందే చెప్పారు. ఈ పెళ్లి సంగతి నీకెప్పుడు తెలిసిందని నన్నడిగారు. పోయిన నెల అన్నాను. అధికారిణి కళ్లు పెద్దవయ్యాయి. ఇన్నేళ్లు పిల్లల దగ్గర ఎందుకు దాచారని పిన్నిని అడిగింది. నేను ముందుకు వంగాను. నాకు చెప్పని జవాబు వాళ్లకైనా చెప్పక తప్పదు కదా.

"దాచలేదమ్మా" అంది పిన్ని. "పిల్ల వద్దంది."

ఏ పిల్ల అని దుబాసీ అడిగింది. పిన్ని వెనక్కి తిరగకుండానే గడ్డం ఎత్తి నన్ను చూపించింది. ముప్పై అయిదేళ్ల దాన్ని, కళ్లజోడుతో, చంకలో ఫైలుతో నిలబడి ఉన్నాను. అధికారిణి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆ రోజు మధ్యాహ్నం మేమిద్దరం వెళ్లి సంతకాలు పెట్టి వచ్చాం. సాయంత్రం పిల్లలకు చెబుదామనుకున్నాం" అని పిన్ని నెమ్మదిగా చెప్పింది, దుబాసీ వెనకబడకుండా మాట మాటకూ ఆగుతూ. "ఇది బడి నుంచి పెదవి చిట్లిపోయి వచ్చింది. మీ పిన్ని మీ నాన్నకి రెండో పెళ్లామట కదా అని ఎవరో పిల్ల అందిట. దాన్ని చితక్కొట్టి వచ్చింది. అన్నం దగ్గర కూర్చుని, 'అలాంటిదేమైనా జరిగితే తమ్ముణ్ణి తీసుకుని ఇంట్లోంచి వెళ్లిపోతానని చెప్పాను నాన్నా' అంది. మా ఇద్దరి పరువూ కాపాడానని గొప్పగా చెప్పింది పాపం. మూతి ఇంతలావు వాచి ఉంది."

ఆ దెబ్బలాట నాకు గుర్తుంది. ఆ పిల్ల రిబ్బను నా చేతిలోకి ఊడి రావడం కూడా గుర్తుంది. అన్నం దగ్గర అన్న మాట మాత్రం గుర్తు లేదు. ఎంత తలచుకున్నా రావడం లేదు. నేను అనేసి, తినేసి, నిద్రపోయి ఉంటాను.

తర్వాతైనా చెప్పొచ్చు కదా అని అధికారిణి అడిగిందట. తర్వాత పిల్ల ఇంకా పెద్దదయింది, చెప్పడం ఇంకా కష్టమయింది, ఆ తర్వాత ఆయనే పోయాడు అంది పిన్ని. అధికారిణి ఏదో రాసుకుని, కలం ఆపి, ఇంకో ప్రశ్న అడిగింది. దాన్ని తిప్పి చెప్పడానికి దుబాసీ కాస్త తడబడింది. మరి మీరిద్దరూ ఎలా ఉన్నారు, అని.

"ఒకే ఇంట్లోనే ఉన్నాం కదమ్మా. రోజూ కనిపించేవాడు."

మా నాన్న చివరిదాకా ముందు గదిలో రంగు డబ్బాల మధ్య చాప మీదే పడుకున్నాడు. పిన్ని నాకూ తమ్ముడికీ మధ్యన పడుకునేది. నాకు పెళ్లయ్యేదాకా అంతే. నెల రోజులుగా ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు, సిగ్గు మాత్రం నిలువునా కమ్మేసింది. పిన్ని భుజం మీద చెయ్యి వేశాను. అది కూడా వెయ్యవచ్చో లేదో తెలియనట్టు వేశాను.

మీరేమైనా చెప్పాలా అని దుబాసీ నన్ను అడిగింది.

"నాకు అభ్యంతరం లేదని చెప్పండి" అన్నాను.

దేనికి అంది ఆ అమ్మాయి. నేను జవాబు చెప్పేలోగా నా కళ్లజోడు తడిసిపోయింది. ఆ మాటను వాళ్ల భాషలోకి తిప్పాలా వద్దా అని దుబాసీ నా వైపూ, అధికారిణి వైపూ చూస్తోంది. పిన్ని తన చీర కొంగు తీసి, తల పైకెత్తి చూడకుండానే నా చేతికి అందించింది.

"మొహం తుడుచుకోవే" అంది. "పక్క కిటికీలో ఫొటో తీస్తారట."